ముహూర్తం వేళ పడిన సంతకం

పోయిన వారం శిల్పను మనం కర్నూలు బస్టాండులో, చేతిలో రెండు మామిడిపళ్ళతో వదిలిపెట్టాం. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. అంతలోనే ఆషాఢం వచ్చిపడింది. కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదని పెద్దవాళ్ళు కట్టడి చేసి, శని ఆదివారాల్లో అత్తగారి ఊరు మైదుకూరు పోవడం కూడా మాన్పించారు. కడప–కర్నూలు బస్సులో కండక్టరుగా తిరిగే ఆమె భర్త పరమేష్ మాత్రం దానికొక ఉపాయం కనిపెట్టాడు. "బస్సుకు గడప యాడుండాదే? మెట్లే గదా ఉండేది!" అన్నాడు. అప్పటినుంచి రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు బస్సు ఆగే ఇరవై నిమిషాలే వాళ్ళిద్దరి కాపురం. ఆఖరు కోత బనగానపల్లె పళ్ళు రెండు టికెట్ల సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, "నేను రేపు వచ్చేవరకు ఒకటి దాచిపెట్టల్ల. దాచిపెట్టవులే, నాకు తెలుసు" అని అతను నవ్వుతుండగా ఫోను మోగింది. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పని చేసే హంపమ్మ.

"శిల్పమ్మా, మన ఏడో నంబరు బండిని కోసేదానికి వచ్చినారు. గ్యాసు బండలు దింపుతాండారు. యాడుంటే ఆడనుంచి పరిగెత్తుకోని రా తల్లీ!"

శిల్ప పరిగెత్తింది.

బోర్ల శాఖ జిల్లా స్టోర్సులో ఆమె స్టోర్ కీపరు. షెడ్డులో ఉన్న ప్రతి పైపుకీ, పానాకీ, యంత్రానికీ ఆమే పూచీ. ఆ షెడ్డు మొత్తానికీ ఇంకా ప్రాణంతో ఉన్నది ఏడో నంబరు బండి ఒక్కటే, అంటే లారీ మీద బిగించిన బోరు యంత్రం. ఎండాకాలం వస్తే పడమటి ఊళ్ళన్నీ దాని కోసం ఎదురుచూస్తాయి. మిగిలినవన్నీ ఎప్పుడో తుప్పు పట్టి తూకానికి పోయాయి.

ఆటో దిగేసరికి గేటు ముందు పెద్ద లారీ అడ్డంగా నిలబడి ఉంది. షెడ్డులో ఏడో నంబరు బండి నుదుటి మీద, నిన్న సాయంత్రం వరకూ లేని, అరచెయ్యంత ఎర్ర స్టిక్కరు. కింద బాసింపట్టు వేసుకుని ఒకడు ఇనుము కోసే గొట్టానికి రబ్బరు పైపు బిగిస్తున్నాడు. ఇంకొకడు ఎక్కడెక్కడ కోయాలో సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. ఇంజను మీద, కంప్రెషరు మీద, నలభై అడుగుల స్తంభం మీద తెల్లటి గీతలు.

"ఏమప్పా, లెయ్యి! ఎవరు చెప్పినారు నీకు గీతలు గియ్యమని?"

"అక్కా, మామీద అరిస్తే ఏమొస్తాది? వేలంలో మా సేటు పాడుకున్నాడు. కాగితం ఉండాది. పొద్దుగూకే లోపల ముక్కలు చేసి ఎత్తుకోని పోవల్ల."

"ముట్టుకోని చూడు. ముందు నన్ను కొయ్యి."

వాడు సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వెనక్కి జరిగాడు. అరుపు విని ఆఫీసు వరండాలోంచి ఆఫీసరు హనుమేష్ దిగి వచ్చాడు, టీ గ్లాసు చేత్తో పట్టుకునే. ఆయన వెనక టాబ్లెట్ పట్టుకుని శివాని. శాఖ ఆస్తులన్నీ లెక్కతేల్చి, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, కొత్తగా ఏమి కొనాలి అని సలహా చెప్పడానికి హైదరాబాదు నుంచి కుదుర్చుకున్న కన్సల్టెంటు. శిల్ప వయసే ఉంటుంది. పచ్చ స్టిక్కరు వేస్తే ఆ వస్తువు బతికినట్టు. ఎర్ర స్టిక్కరు వేస్తే పోయినట్టు. మూడు నెలలుగా జిల్లాలో ఆమె స్టిక్కరే బ్రహ్మరాత.

"ఏమ్మా శిల్పా," అన్నాడు హనుమేష్ తీరిగ్గా, "కొత్త పెళ్ళికూతురివి. ఎండకు రంగు తగ్గిపోతావు. ఈ గలాటా నీకెందుకు? పోయి లోపల ఫ్యాను కింద కూర్చో."

కోసేవాళ్ళు కిసుక్కుమన్నారు. శిల్ప చెవులు కాలిపోయాయి.

"నా రంగు సంగతి మా ఆయన చూసుకుంటాడు సార్. మీరు బండి సంగతి చెప్పండి. ఏప్రిల్‌లో నందికొట్కూరు కాడ రెండు బోర్లు వేసినాది. రెండిట్లోనూ నీళ్ళు పడినాయి. ఆ తర్వాత డీజిల్ ఇయ్యకుండా షెడ్డులో కట్టేసింది మీరు. బాగుండే బండి ఎట్ల చచ్చిపోయినాది?"

"అది చెప్పేదానికే గదమ్మా లచ్చలు పోసి ఈ మేడంను పెట్టుకున్యాం."

శివాని ఒక అడుగు ముందుకు వేసింది. గొంతులో కోపం లేదు, నేర్చుకున్న నమ్మకం ఉంది. "శిల్ప గారూ, నేను ఆఫీసులో కూర్చుని రాయలేదండీ. నా కళ్ళెదుట మూడుసార్లు తాళం తిప్పించాను. ఇంజన్ గిరగిరా తిరిగింది కానీ అంటుకోలేదు. పదిహేనేళ్ళు దాటిన యంత్రం. రిపేరు చేయించడం కన్నా కొత్తది కొనడం మేలు. పాతది జాబితాలోంచి తీసేస్తేనే కొత్తది కొనే ఫైలు కదులుతుంది. మీ జిల్లాకు మంచే కదా?"

"తాళం ఎవరు తిప్పినారు?"

"సార్ వాళ్ళ కారు డ్రైవరు."

"ఈ బండి డ్రైవరు దేవేంద్రప్ప. ఆయనను అడిగినారా?"

"ఆయన ఆ రోజు సెలవులో ఉన్నారని చెప్పారు."

శిల్ప హనుమేష్ వైపు చూసింది. ఆయన టీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు పక్కనున్న చిన్న దారిలోంచి పాత మోపెడు దగ్గుకుంటూ లోపలికి వచ్చింది. ఈ రోజూ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న దేవేంద్రప్పకు కూడా హంపమ్మే ఫోను చేసింది. ఇంకో ఏడాదిలో ఉద్యోగ విరమణ. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులకు పట్టిన గ్రీజు ఏ సబ్బుకీ పోలేదు. స్టాండు వేయకుండానే మోపెడును గోడకు ఆనించి, హ్యాండిలుకు వేలాడుతున్న సంచిలోంచి గుడ్డలో చుట్టిన వస్తువును బయటికి తీశాడు. విప్పితే జానెడు రాగి గొట్టం. రెండు చివరలా మరలు. బంగారంలా తళతళమంటోంది.

"చూడు పాపా," అని శివాని ముఖం ముందు పట్టుకున్నాడు. "ఇంజనుకు డీజిల్ పోయే పైపు ఇది. ఇది లేకుంటే నువ్వు మూడుసార్లు గాదు, మూడు నెలలు తాళం తిప్పినా అది అంటుకోదు."

"అంటే... మీరు దీన్ని ఇంటికి తీసుకెళ్ళారా?"

"ఈ షెడ్డులో డ్రైవర్లు అందురూ తీసకపోతారు. పైపు ఉంటే రాత్రికి రాత్రి బండినైనా తోలకపోతారు, డీజిలైనా తోడుకుంటారు. మా గురువు నాకు నేర్పిచ్చినాడు, నేను నా వెనకోళ్ళకు నేర్పిచ్చినా. సెలవు పెడితే పైపు ఇంటికి రావల్ల. మా యావిడ దీన్ని దేవుని గూట్లో పెడతాది."

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. కానీ షెడ్డులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ఆఫీసరుగా నాలుగేళ్ళున్న హనుమేష్‌కు తెలియకపోవడమే ఉండదు. తెలియనిది ఆ అమ్మాయి ఒక్కదానికే. ఆమెకు తెలియదని తెలిసే, డ్రైవరు సెలవులో ఉన్న రోజును ఎంచుకున్నారు.

ఎవరినీ అడగకుండానే దేవేంద్రప్ప ఇంజను మూత ఎత్తాడు. గొట్టం బిగించాడు. క్యానులో తెచ్చుకున్న డీజిల్ పోసి, చేతి పంపు నొక్కుతూ గాలి తీశాడు. బుస్సు బుస్సుమని నురగ వచ్చింది, తర్వాత ధార కట్టింది. ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు.

ఒకసారి. ఇంజను మూలిగింది.

హనుమేష్ పెదవి వంకర తిరిగింది.

రెండోసారి తిప్పగానే బండి మొత్తం ఒళ్ళు విదిలించుకుంది. పొగగొట్టంలోంచి నల్లటి మబ్బు లేచింది. షెడ్డు రేకులు దడదడలాడాయి. రేకుల మీది పావురాళ్ళు ఒక్కసారిగా లేచిపోయాయి. సుద్దముక్క పట్టుకున్నవాడు దాన్ని జేబులో వేసుకుని, "ఓయబ్బ! ఇంత పానమున్నదాన్ని కోసి ఉంటే పాపం తగిలేది గదరా" అన్నాడు. అంత కోపంలోనూ శిల్పకు నవ్వు ఆగలేదు. ఆ చప్పుడు అరికాళ్ళలోంచి ఎక్కి ఒళ్ళంతా గిలిగింతలు పెట్టింది. చిన్నపిల్లలా రెండు చేతులూ తట్టింది.

శివాని మాత్రం బండి ముందుకు నడిచింది. ఆమె చెయ్యి తనంతట తానే ఎర్ర స్టిక్కరు దగ్గరికి పోయి, అంచు మీద గోరు ఆనించి, ఆగిపోయింది.

"ఆపు!" హనుమేష్ అరిచాడు. ఇంజను ఆగాక, ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు. "అంటుకుంటే అంటుకున్యాది. కాగితం మీద చచ్చిపోయినాది గదా. వేలం కూడా అయిపాయ. ఇంగ ఇది మనది గాదు. అయినా శిల్పా, నన్ను ఇట్ల చూస్తావెందుకు? దీన్ని చంపినది నేను కాదమ్మా. నువ్వే."

"ఏమంటాండారు సార్?"

"మేడం రిపోర్టు ఒక్కదానికే వేలం వేస్తారా ఎవరన్నా? స్టోర్ కీపరు కండ్లారా చూసి, పనికిరాదని సంతకం పెట్టల్ల. నువ్వు పెట్టినావు. చూపియ్యండి మేడం."

శివాని టాబ్లెట్ తిప్పి చూపించింది. "నేను తాళం తిప్పించిన రోజే ఈ సంతకం పడిందండీ," అంది. తెర మీద పత్రం. 'ఈ యంత్రాన్ని నేను స్వయంగా పరిశీలించాను. మరమ్మతుకు పనికిరాదని ధ్రువీకరిస్తున్నాను.' కింద పచ్చటి టిక్కు గుర్తుతో శిల్ప పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో తేదీ, వేళ.

మే పద్నాలుగు. ఉదయం పది గంటల యాభై ఒక్క నిమిషం.

శిల్ప రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు. ఆ వేళకు తాను ఎక్కడ ఉందో ఆమెకు ఒకరు చెప్పాలా?

పది నలభై రెండుకు జీలకర్ర బెల్లం. ఆ తర్వాత తాళి. ఆ వెంటనే తలంబ్రాలు. పరమేష్ దోసిళ్ళు పెద్దవి. మొదటి దోసిలికే ఆమె ముఖం కనపడకుండా పోయింది. ఒక బియ్యపు గింజ చెవిలో పడి, పురోహితుడి మంత్రం సగమే వినిపించింది. పెళ్ళయిన మూడో రోజు పరమేష్ ఆ గింజను పిన్నీసుతో తీసి, పర్సులో దాచుకున్నాడు, "ఇది నాది" అని. ఆ గింజ ఆమె చెవిలో పడుతున్న నిమిషంలో, ఇక్కడ ఈ ఆఫీసులో, ఎవరో ఆమె పేరుతో ఈ బండికి ఉరి వేశారు.

కోపం ఇంతవరకూ మాటల్లో ఉంది. ఇప్పుడు చేతుల్లోకి దిగింది. టాబ్లెట్ పడేస్తుందేమోనని శివాని గభాలున వెనక్కి తీసుకుంది.

"పద్నాలుగో తేదీ ఈడ ఎవరుండారు సార్?" శిల్ప ఒక్కో మాటా విడదీసి అడిగింది. "ఆఫీసు మొత్తం నా పెళ్ళికి వచ్చినాది. దేవేంద్రప్ప మామ మా నాయన పక్కన నిలబడి అందురినీ పిలిచి కూర్చోబెట్టినాడు. హంపమ్మ పందిట్లో ఓళిగలు వడ్డించినాది. కడుపులో బాగలేదని ఫోను చేసి రానిది మీరు, మీతో పాటు మీ కారు డ్రైవరు. కడుపులో బాగలేనోడు మేడంను పిలిపిచ్చి బండి చూపిచ్చినాడంట! నా మెడలో తాళి పడి తొమ్మిది నిమిషాలన్నా కాలేదు, అంతలోనే నా పేరుతో దొంగ సంతకం పెడతారా? పెండ్లికి దీవెన అడిగితే ఇదా మీరిచ్చింది?"

"గొంతు తగ్గించు."

"తగ్గియ్యను. నా పెండ్లి సెలవుకు ముందు నన్ను గదిలోకి పిలిచి ఏమన్నారు? 'బిల్లులు ఆగిపోతాయమ్మా, నీ డాంగిల్ నా డ్రాయరులో పెట్టిపో' అన్నారా లేదా?"

డాంగిల్ అంటే వేలెడంత వస్తువు. కంప్యూటరుకు గుచ్చి, రహస్య అంకె నొక్కితే ఆమె సంతకం పడుతుంది. ఎవరికీ ఇవ్వకూడదని రాసి ఉంటుంది. సెలవు పెట్టినప్పుడల్లా అందరూ ఇస్తారు. శిల్ప కూడా ఇచ్చింది, అంకెను చీటీ మీద రాసి మరీ. పెళ్ళి సంబరంలో ఆ రోజు ఆమె ఎవరు ఏది అడిగినా ఇచ్చేసేదే.

హనుమేష్ దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేట్టు మాట్లాడాడు. "అన్యాను. ఒప్పుకుంటా. ఇప్పుడు నీకు రెండే దార్లు. సంతకం నాది కాదు అను. సర్కారు సంతకం తాళాన్ని వేరేవాళ్ళ చేతికిచ్చినానని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు పొద్దున్నకల్లా సస్పెండ్ అవుతావు. ఉద్యోగమే పోయినా పోవచ్చు. మీ అత్తగారింటోళ్ళు నిన్ను చూసి చేసుకున్యారో, నీ ఉద్యోగాన్ని చూసి చేసుకున్యారో, అప్పుడు తెలుస్తాది. వద్దనుకుంటే సంతకం నాదే అని నోరు మూసుకోని ఫ్యాను కిందికి పో. నేను నీకు చెడు చెయ్యను."

మూడేళ్ళు జిల్లా గ్రంథాలయంలో కూర్చుని, రెండుసార్లు తప్పి, మూడోసారి గెలిచి తెచ్చుకున్న ఉద్యోగం. మొదటి జీతంతో నాయనకు కళ్ళజోడు కొనిచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. దేవేంద్రప్ప స్టీరింగు మీద చెయ్యి తీయలేదు.

"శివాని గారూ," ఆమె తిరిగింది, "బండి నడుస్తాందని మీ కండ్లతో చూసినారు గదా. అది రాసిస్తారా?"

శివాని టాబ్లెట్‌ను చంకలో పెట్టుకుంది. "నేను... మా కంపెనీతో ఒకసారి మాట్లాడాలండీ." ఫోను చెవికి పెట్టుకుని కారు వైపు నడిచింది. కారు తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు.

శిల్ప ఇక ఎవరినీ అడగలేదు. స్టోర్సు గది తాళం తీసి, బల్ల ముందు నిలబడే తెల్లకాగితం మీద రాసింది. మొదటి వాక్యం రాయడానికే ఎక్కువసేపు పట్టింది. 'నా సంతకపు డాంగిల్‌ను నేనే మా ఆఫీసరు గారికి అప్పగించాను. అది నా తప్పు. దానికి ఏ శిక్షకైనా సిద్ధం.' రెండో వాక్యం నుంచి కలం పరుగెత్తింది. మే పద్నాలుగున, ఆ వేళకు తాను పెళ్ళిపీటల మీద ఉన్నానని, సాక్షులుగా ఆఫీసు సిబ్బంది మొత్తం ఉన్నారని, ఏడో నంబరు బండి ఈ రోజు అందరి ముందూ నడిచిందని రాసి, ఫొటో తీసి రాష్ట్ర కార్యాలయానికి పంపింది. పంపినట్టు గుర్తు పడేవరకూ ఫోను తెరనే చూసింది.

రాష్ట్ర కార్యాలయం ఆ కాగితం చదివేది ఎప్పుడు? సాయంత్రానికల్లా బండి ముక్కలవుతుంది. ముక్కలయ్యాక ఎవరికి న్యాయం జరిగినా అది నీళ్ళు తోడదు.

ఆమె చూపు బల్ల మూలన ఉన్న పొడుగాటి పుస్తకం మీద పడింది. గేటు పాసుల పుస్తకం. స్టోర్సు నుంచి ఏ యంత్రం బయటికి పోవాలన్నా అందులో చీటీ చింపాలి. ఈ పుస్తకానికి డాంగిల్ లేదు, రహస్య అంకె లేదు. బాల్ పెన్ను, స్టోర్ కీపరు చెయ్యి, అంతే. నందికొట్కూరు అవతల గుండ్లమిట్టకు బోరు మంజూరై మూడు నెలలయింది. యంత్రం ఖాళీ లేదని ఆ ఉత్తరువు ఇక్కడే సీలకు వేలాడుతోంది. ఆ ఊరు ట్యాంకరు నీళ్ళ మీద బతుకుతోంది.

శిల్ప ఒత్తి ఒత్తి రాసింది. 'బండి: ఏడో నంబరు. పోవు చోటు: గుండ్లమిట్ట. పని: మంజూరైన బోరు.' సంతకం పెట్టింది. ఈసారి తన చేత్తో.

చీటీ పట్టుకుని బయటికి వచ్చి, బండి మెట్టు మీద కాలు పెట్టి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

"మామా, గుండ్లమిట్టకు దారి తెలుసు గదా?"

"కండ్లు మూసుకోని తోలతా పాపా. కానీ నాకు ఇంగ ఏడాదే ఉండాది. నీకు ముప్పై ఏండ్లుండాది. ఒకసారి ఆలోచన చేసుకో."

"చేసుకున్యా. తియ్యి."

ఇంజను మళ్ళీ గర్జించింది. కోసేవాళ్ళు గ్యాసు బండలు పక్కకు దొర్లించారు. గేటు దగ్గర హంపమ్మ నిలబడి ఉంది. ఆమెది ఏడాదికి ఒకసారి హనుమేష్ సంతకంతో కొనసాగే కాంట్రాక్టు కొలువు. "హంపమ్మా, గేటు తీస్తే రేపటినుంచి నీకు పని లేదు!" అని ఆయన వెనకనుంచి కేక వేశాడు.

హంపమ్మ చీటీ అందుకుంది. చదువు రాదు. తిప్పి చూసి, సంతకం మీద వేలు పెట్టింది. "ఇది శిల్పమ్మదే. ఈ కొక్కెం తోక నాకు తెలుసు," అంది. "సార్, పాసు లేంది చీమను గూడా పోనీయొద్దు, పాసుంటే ఏనుగునైనా ఆపొద్దు అని నాకు చెప్పిండేది మీరే గదా!" బొడ్లోంచి తాళంచెవి తీసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. అడ్డంగా ఉన్న లారీ డ్రైవరు ఒకసారి బండి వైపు, ఒకసారి శిల్ప ముఖం వైపు చూసి, లారీని వెనక్కి తీశాడు.

రోడ్డు కనపడింది.

ఆ రోడ్డుకూ బండికీ మధ్య హనుమేష్ పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ బారచాపి, ఒక చేతిలో ఫోను. "హలో! టూ టౌన్ స్టేషనా? సర్కారు బండిని దొంగిలిచ్చుకోని పోతాండారు. ఔ, ఆడమనిషే! జీపు పంపండి, నేను అడ్డం నిలబడినా. తొక్కిస్తే తొక్కియ్యనీ, హత్య కేసు గూడా రాసుకోండి!"

బంపరుకూ ఆయన పొట్టకూ మధ్య జానెడు సందు. దేవేంద్రప్ప క్లచ్చి మీద కాలు అలాగే ఉంచి, చెమటలు కారుతున్న ముఖం తిప్పాడు.

"పాపా, పోలీసులు వచ్చేది పది నిమిషాల్లో. ఆపల్లనా, ఏమి చెయ్యమంటావు?"

శిల్ప అద్దంలోంచి కిందికి చూసింది. హనుమేష్ ఆమె కళ్ళలోకే చూస్తూ, కదలనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"గేరు వెయ్యి మామా," అంది శిల్ప.